ఇంకా లేని వేధశాలను వర్ణించడం: చెరెంకోవ్ టెలిస్కోప్ శ్రేణి ప్రణాళికా పత్రాల భాష

వ్యాససంగ్రహం

భూమి మీది నుంచి గామా కిరణాలను పరిశీలించడానికి తలపెట్టిన అంతర్జాతీయ వేధశాల చెరెంకోవ్ టెలిస్కోప్ శ్రేణి. దీనికోసం 2010 నుంచి వెలువడిన ప్రణాళికా పత్రాలను ఈ వ్యాసం సాహిత్య విమర్శ దృష్టితో చదువుతుంది. జరగబోయేదాన్ని కళ్లముందు జరుగుతున్నట్టు చూపడాన్ని మన ఆలంకారికులు భావికమన్నారు. ఆ భావన ఇటువంటి పత్రాలను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు ఉపకరిస్తుంది, వాటి వాక్యాలు తెలుగు క్రియారూపాల్లోకి వచ్చినప్పుడు ప్రణాళికకూ వాస్తవానికీ మధ్య గీత ఎందుకు చెరిగిపోతుంది, పత్రంలో స్థలం ఏ రూపంలో మిగులుతుంది అన్నవి ఇందులోని ప్రధానాంశాలు.

కీలకపదాలు: గామా కిరణ ఖగోళశాస్త్రం, ప్రణాళికా పత్రం, భావికం, తద్ధర్మార్థకం, శాస్త్రానువాదం, నిజామియా వేధశాల.

1. ప్రవేశిక

శాస్త్రానువాదం పాఠంలో భాగంగా ఎం.ఏ. విద్యార్థులకు ఒకసారి చెరెంకోవ్ టెలిస్కోప్ శ్రేణిని గురించిన ఒక పేరా ఇచ్చి తెలుగు చేయమన్నాను. దాదాపు అందరూ క్రియలను ఒకే తీరుగా రాశారు. ఈ వేధశాల అత్యధిక శక్తి గల గామా కిరణాలను గుర్తిస్తుంది, రెండు అర్ధగోళాల ఆకాశాన్నీ పరిశీలిస్తుంది, సమాచారాన్ని అందరికీ అందిస్తుంది. అనువాదాల్లో తప్పు పట్టవలసినది నాకేమీ కనిపించలేదు. తరువాత భౌతికశాస్త్ర విభాగంలో చదివే విద్యార్థి ఒకరు వాటిని చూసి, ఇది ఎప్పటి నుంచి పనిచేస్తోంది, దీని ఫలితాలు ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు. అప్పటికి దాని స్థలాల్లో నిలిచి ఉన్నది ఒకే ఒక్క పెద్ద టెలిస్కోపు. మూలంలో స్పష్టంగా ఉన్న భవిష్యత్కాలం మా తెలుగులో ఎక్కడో జారిపోయింది. ఎవరూ తప్పు చేయకుండానే జారిపోయింది.

ఆ ప్రశ్న నన్ను మూలపత్రాల దాకా తీసుకువెళ్లింది. 2010లో ముద్రణపూర్వ ప్రతిగా వెలువడి 2011లో 'ఎక్స్‌పెరిమెంటల్ ఆస్ట్రానమీ' పత్రికలో అచ్చయిన రూపకల్పన పత్రం ఒకటి. 2017లో ముద్రణపూర్వ ప్రతిగా వచ్చి ఆపై పుస్తకరూపం పొందిన 'సైన్స్ విత్ ది చెరెంకోవ్ టెలిస్కోప్ అరే' రెండవది. 2021లో ఆమోదం పొందిన నిర్మాణ స్వరూపం, దాని వివరణలు మూడవది. వీటి శాస్త్రీయతను తూచే అర్హత నాకు లేదు, ఆ పని నా ఉద్దేశమూ కాదు. ఇవి వందలాది మంది కలిసి రాసిన గద్యరచనలు. లేని వస్తువును వర్ణించి, పలు ప్రభుత్వాలను ఒప్పించి, ఆ వస్తువును ఉనికిలోకి తెచ్చే పని చేస్తున్న రచనలు. వర్ణన ఎలా పనిచేస్తుందో పరిశీలించడం మాత్రం సాహిత్య విద్యార్థి పనే.

2. వర్ణ్య వస్తువు

గామా కిరణం నేలను చేరదు. వాతావరణం పై పొరల్లోనే ఏదో ఒక పరమాణు కేంద్రకానికి తగిలి ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ జంట మరిన్ని కణాలను పుట్టిస్తుంది. ఈ కణాల జల్లు గాలిలో కాంతికి ఉండే వేగాన్ని మించి దూసుకువస్తూ నీలికాంతిని వెదజల్లుతుంది. అదే చెరెంకోవ్ కాంతి. సెకనులో వంద కోట్లవ వంతును నానోసెకను అంటారు. ఈ మెరుపు ఉండేది అలాంటి కొన్ని నానోసెకన్లు మాత్రమే. నేల మీద దాని వెలుగు సుమారు 120 మీటర్ల వ్యాసార్ధంతో ఒక మడుగులా పరుచుకుంటుంది. ఆ మడుగులో ఎక్కడ అద్దం పెట్టినా మెరుపును పట్టుకోవచ్చు. రెండు మూడు చోట్ల పెడితే కిరణం ఏ దిక్కు నుంచి వచ్చిందో లెక్కగట్టవచ్చు. అంటే గాలి ఈ పరికరానికి అడ్డు కాదు, అందులో ఒక భాగం. ఈ మాట స్థలం గురించిన చర్చలో మళ్లీ అవసరమవుతుంది.

శక్తి తక్కువైన కిరణాలు ఎక్కువగా వస్తాయి, వాటి మెరుపు మరీ మసక. వాటికి పెద్ద అద్దాలు కావాలి. శక్తి హెచ్చైన కిరణాల మెరుపు ప్రకాశవంతం, కానీ అవి బహు అరుదు. వాటికి చిన్న అద్దాలు చాలు, అయితే చదరపు కిలోమీటర్ల కొద్దీ నేల మీద వాటిని పరచాలి. అందుకే 23 మీటర్లు, 12 మీటర్లు, 4 మీటర్ల పైచిలుకు వ్యాసాలతో మూడు కొలతల టెలిస్కోపులు ఈ ప్రణాళికలో చేరాయి. 20 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల నుంచి 300 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా విస్తరించిన శక్తి పరిధిని ఏ ఒక్క కొలత అద్దమూ చూడలేదు.

ఈ శాస్త్రం మొదట్లో ఇంత పథకంతో నడవలేదు. ఆకాశపు మసక వెలుతురులో చెరెంకోవ్ కాంతి వాటా సుమారు పదివేలవ వంతు ఉంటుందని 1948లో బ్లాకెట్ అంచనా వేశాడు. 1953లో ఇంగ్లండులోని హార్వెల్‌లో గాల్‌బ్రెయిత్, జెల్లీ అనే ఇద్దరు ఒక చెత్తడబ్బాలో చిన్న అద్దమూ, కాంతిని పసిగట్టే నాళికా అమర్చి ఆ మెరుపులను చూశారు. అరిజోనాలో విపుల్ వేధశాల 10 మీటర్ల టెలిస్కోపును 1968లో నిలబెట్టింది. దానితో కర్కట నీహారిక నుంచి వచ్చే గామా కిరణాలను సందేహానికి తావు లేకుండా ప్రకటించగలిగింది 1989లో. మధ్య కాలమంతా ఆ శాస్త్రజ్ఞులు ఏమి వాగ్దానం చేసి ధనం రాబట్టారో, ఏ ఓపికతో పని సాగించారో చెప్పే చరిత్ర ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. నమీబియాలో హెస్, లా పాల్మాలో మ్యాజిక్, అరిజోనాలో వెరిటాస్ ఫలితాలిచ్చిన తరువాతనే పెద్ద ప్రణాళికకు ధైర్యం వచ్చింది.

3. భావికం

భామహుడు భావికాన్ని ఒక పద్యానికో వాక్యానికో పరిమితమైన అలంకారంగా కాక మొత్తం ప్రబంధానికి చెందిన గుణంగా చెప్పాడు. జరిగిపోయినవీ జరగబోయేవీ అయిన అర్థాలు అందులో ప్రత్యక్షంగా ఉన్నట్టు కనిపిస్తాయి. మమ్మటుని నాటికి ఇది తక్కిన అర్థాలంకారాల వరుసలో ఒకటిగా కుదించుకుపోయింది. మన అలంకారశాస్త్ర పాఠాల్లో నేటికీ దాని స్థానం అంతే. పరీక్షలో ఒక లక్షణం, ఒక ఉదాహరణ. భామహుని దృష్టిలోని విస్తృతిని తిరిగి తెచ్చుకోవడానికి ప్రణాళికా పత్రం వంటి ఆధునిక రచన నిజంగా ఉపకరిస్తుందని నా అభిప్రాయం.

భావికం సిద్ధించడానికి భామహుడు చెప్పిన కారణాలు మూడు. వస్తువు విచిత్రమూ ఉదాత్తమూ అద్భుతమూ అయి ఉండాలి. కథ అభినయానికి అనువుగా, కళ్లకు కట్టేలా సాగాలి. మాటల్లో చిక్కు ఉండకూడదు. 2017 నాటి పత్రాన్ని ఈ మూడింటి వెలుగులో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. దాని వస్తువు పాలపుంత కేంద్రం, కృష్ణబిలాల నుంచి ఎగజిమ్మే ధారలు, కృష్ణద్రవ్యం, విశ్వకిరణాల పుట్టుక. ఇంతకన్న ఉదాత్తాద్భుతం మరొకటి దొరకదు. మాటల అనాకులత గురించి చెప్పనక్కరలేదు. దేశాల పేర్లు, అభిప్రాయభేదాలు, బేరసారాలు ఏవీ పైకి కనిపించని నున్నని కర్మణి వాక్యాలు అవి.

అన్నిటికన్న విశేషమైనది రెండవది. పాలపుంత తలాన్ని ఈ వేధశాల సర్వే చేస్తే దొరికే చిత్రం ఎలా ఉంటుందో ఆ పత్రంలో ఒక బొమ్మగా ఇచ్చారు. వెలుగు మచ్చలు, మసక పట్టీలు, అక్కడక్కడా గుండ్రని పెంకుల్లాంటి ఆకారాలు. కంప్యూటర్ అనుకరణతో తయారైన చిత్రమది. లేని టెలిస్కోపులు, చేయని పరిశీలనలో, చూడని ఆకాశాన్ని చూసినట్టు చూపే చిత్రం. అది అనుకరణ అని పక్కనే స్పష్టంగా రాశారు, ఇందులో మోసం ఏమీ లేదు. అయినా పేజీ తిప్పిన పాఠకుని మనసులో నిలిచేది బొమ్మ. దాని కింది వివరణ అంతగా నిలవదు. భావికం పనిచేసే తీరు అదే.

కావ్యానికీ ప్రణాళికకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కావ్యంలో కవి భవిష్యత్తును ప్రత్యక్షం చేస్తే రసం పుడుతుంది, అంతటితో ఆ వాక్యం పని పూర్తవుతుంది. అది నెరవేరిందా అని ఏ సహృదయుడూ అడగడు. ప్రణాళిక వాక్యం నెరవేరడానికే పుట్టింది. దాన్ని నమ్మి కొన్ని దేశాలు ధనం కేటాయిస్తాయి, కొందరు యువ పరిశోధకులు తమ జీవితంలో పదేళ్లు కేటాయిస్తారు. కనుక ప్రణాళికలోని భావికానికి కావ్యానికి లేని ఒక బాధ్యత ఉండాలి. తాను చూపుతున్నది భావి అని పాఠకుడికి చివరిదాకా గుర్తుచేస్తూ ఉండాలి. ఈ కొలతతో చూస్తే 2010 పత్రం 2017 పత్రం కన్న మెరుగు.

2010 పత్రం తన అనిశ్చయాన్ని దాచుకోలేదు. ఒకే వ్యయపరిమితిలో ఇమిడే అనేక అమరికలను అక్షరాల పేర్లతో పక్కపక్కన పెట్టి, ఇది తక్కువ శక్తుల దగ్గర మేలు, అది ఎక్కువ శక్తుల దగ్గర మేలు అని తూచింది. అది చేసిన వాగ్దానం కూడా మితమైనదే. వంద గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల నుంచి పది టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల మధ్య ఐదు నుంచి పది రెట్లు మెరుగైన సూక్ష్మగ్రాహ్యత. పైగా, ఇప్పుడున్న సాంకేతికతతోనే రూపకల్పన సాగుతుందన్న హామీ. 2017 నాటికి అనేక అమరికలు ఒకటయ్యాయి. దక్షిణాన 99, ఉత్తరాన 19, మొత్తం 118 టెలిస్కోపులు. ఆ సంఖ్య మీదనే ప్రతి అధ్యాయమూ తన గణనలు చేసింది. ఇది అనివార్యమే కావచ్చు. ఏదో ఒక అమరికను స్థిరపరచనిదే గణన సాగదు. కానీ స్థిరపరచినదాన్ని పదే పదే వాడగా వాడగా అది ఊహ అన్న సంగతి వాక్యాల నుంచి మాసిపోయింది.

4. 'గుర్తిస్తుంది': తెలుగు క్రియ కాలం

బాలవ్యాకరణం క్రియలకు వర్తమాన, భూత, భవిష్యదర్థకాలతో పాటు తద్ధర్మార్థకాన్ని చెప్పింది. వండును, వచ్చును వంటివి ఈ రూపాలు. ఏ కాలానికీ ప్రత్యేకంగా కట్టుబడక, ఆ పని చేయడం కర్త స్వభావమని తెలిపేవి. భవిష్యత్తుకు వేరే రూపం ఉంది: వండగలడు. ఆధునిక వ్యవహారంలో ఈ ఏర్పాటు తారుమారైంది. 'వస్తాడు' అన్న ఒకే రూపం రోజూ వచ్చేవాడికీ రేపు రాబోయేవాడికీ చెల్లుతోంది. 'గల' రూపం భవిష్యత్తును దాదాపు వదిలేసి సామర్థ్యంలో స్థిరపడింది. 'వండగలడు' అంటే ఇవాళ వంట వచ్చినవాడు అని అర్థం. సభ జరుగగలదు అని అచ్చువేసే ఆహ్వానపత్రికల్లో మాత్రం పాత అర్థం ఇంకా బతికి ఉంది. ఇక 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు వర్తమానమో భవిష్యత్తో చెప్పమని ఏ వైయాకరణుడినీ ఇబ్బంది పెట్టనక్కరలేదు.

వ్యవహారంలో ఈ సందిగ్ధం మనకు నష్టం చేయదు. సందర్భం తీరుస్తుంది. రోజూ, రేపు అన్న మాటలు తీరుస్తాయి. శాస్త్రవార్తలో ఆ సందర్భం ఉండదు. మూలంలో భవిష్యత్తును ప్రత్యేకించి చెప్పే సహాయక క్రియ ఉంటుంది. అది తెలుగులోకి వచ్చేసరికి 'గుర్తిస్తుంది' అవుతుంది. 'గుర్తిస్తుంది' అన్నది చదివే తెలుగు పాఠకుడు దాన్ని స్వభావంగా తీసుకోవడం సహజం. గడియారం కాలాన్ని చూపిస్తుంది, థర్మామీటరు వేడిని కొలుస్తుంది, ఈ వేధశాల గామా కిరణాలను గుర్తిస్తుంది. మూడు వాక్యాలకూ నిర్మాణం ఒకటే. 'గుర్తించగలదు' అని మారిస్తే మరింత చిక్కు. ఆ రూపం సామర్థ్యాన్ని చెబుతుంది కనుక, ఆ సామర్థ్యం గల వస్తువు ముందే ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిలీలోని నాలుగు పెద్ద టెలిస్కోపులు పాలపుంత కేంద్రాన్ని తక్కువ శక్తుల దగ్గర పరిశీలిస్తాయి. ఇటువంటి వాక్యాన్ని 2018లో ఏ తెలుగు రచయితైనా 2017 పత్రం ఆధారంగా నిర్దుష్టంగా రాసి ఉండేవాడు. 2021లో ఆమోదం పొందిన స్వరూపంలో దక్షిణానికి పెద్ద టెలిస్కోపులు లేవు. వాక్యంలో ఒక్క అక్షరం మారకుండానే అది అబద్ధమైంది. భవిష్యత్తును స్పష్టంగా చెప్పిన మూలవాక్యాన్ని మాత్రం నెరవేరని ఉద్దేశంగా నేటికీ చదువుకోవచ్చు. తెలుగు వాక్యానికి ఆ వెసులుబాటు లేదు.

పరిష్కారం కొత్త ప్రత్యయాలు కల్పించడంలో లేదు. మన వాడుకలోనే ఉన్న పొడుగు రూపాలు చాలు. గుర్తించేలా రూపొందించారు. పూర్తిగా నిర్మిస్తే గుర్తిస్తుందని లెక్క. గుర్తించవలసి ఉంది. వీటిలో ప్రతిదానికీ వెనక ఒక మనిషి ఉన్నాడు: రూపొందించినవాడు, లెక్కగట్టినవాడు, బాధ్యత పడినవాడు. పత్రికా ఉపసంపాదకులకు ఇవి బరువుగా తోచవచ్చు, శీర్షికలో ఇమడకపోవచ్చు. అయినా అనువాద తరగతుల్లో వీటిని శైలీదోషంగా దిద్దడం నేను మానుకున్నాను.

5. ఆల్ఫా

2021లో ఖరారైన స్వరూపానికి పెట్టిన పేరు 'ఆల్ఫా'. ఉత్తరాన 4 పెద్దవి, 9 మధ్యరకం. దక్షిణాన 14 మధ్యరకం, 37 చిన్నవి. మొత్తం 64. ముందు అనుకున్న పూర్తి స్వరూపాన్ని 'ఒమేగా' అని పిలవసాగారు.

ఈ నామకరణం శ్రద్ధగా చదవదగింది. 118 నుంచి 64కు దిగడాన్ని మామూలు భాషలో తగ్గింపు అంటాం. గ్రీకు వర్ణమాలలో మొదటి అక్షరాన్ని దానికి తగిలించగానే తగ్గింపు ఆరంభమైంది. వెనక వదిలేసినది ముందు చేరవలసిన గమ్యమైంది. కథ దిశే తిరగబడింది. ఒక్క పేరుతో ఇంత పని జరగడం చూస్తే మన ప్రభుత్వ పథకాల పేర్లు గుర్తొస్తాయి, కానీ ఈ పోలికను మరీ సాగదీయడం న్యాయం కాదు. ఎందుకంటే ఆల్ఫాలో కేవలం మాటల గారడీ లేదు, ఒక ఎంపిక ఉంది. ధనం చాలనప్పుడు ప్రతిచోటా కొంత కొంత కోయకుండా, ఏ స్థలానికి ఏ ప్రశ్న తగినదో తేల్చుకున్నారు. పాలపుంత అంతర్భాగం దక్షిణాన నడినెత్తిన వస్తుంది కాబట్టి అత్యధిక శక్తుల పని అక్కడికి, సుదూర నక్షత్రమండలాల తక్కువ శక్తుల పని ఉత్తరానికి. తగ్గింపులోనూ తర్కం ఉంది. ఆ తర్కాన్నే పేరుగా పెట్టి ఉంటే ఇంకా బాగుండేది.

తరువాతి పరిణామం కూడా చెప్పాలి. ఐరోపా పునరుద్ధరణ నిధులతో ఇటలీ చేపట్టిన కార్యక్రమం ద్వారా దక్షిణ స్థలానికి రెండు పెద్ద టెలిస్కోపులు తిరిగి ప్రణాళికలోకి వచ్చాయి. 2025 జనవరిలో వేధశాలకు ఐరోపా పరిశోధనా సంస్థగా చట్టబద్ధమైన రూపం వచ్చింది. మొదటి పత్రం వెలువడి అప్పటికి పద్నాలుగేళ్లు దాటింది.

6. చీకటి ఎవరిది

ఈ పత్రాల్లో స్థలం ఒక లక్షణాల పట్టికగా కనిపిస్తుంది. సముద్రమట్టానికి ఎత్తు, మబ్బులేని రాత్రుల వంతు, గాలివేగం, భూకంప భయం, ఆకాశపు నలుపు. వాతావరణమే పరికరంలో భాగమైనప్పుడు ఈ శ్రద్ధ సహజం, అవసరం కూడా. వాటి ఆధారంగానే 2015లో చిలీలోని పరానల్, స్పెయిన్‌కు చెందిన లా పాల్మా ముందువరుసలో నిలిచాయి. నమీబియాలోని ఆర్, మెక్సికోలోని సాన్ పెడ్రో మార్టిర్ ప్రత్యామ్నాయాలుగా ఉండిపోయాయి. నా అభ్యంతరం చీకటిని కూడా ఎత్తులాగే ప్రకృతి ఇచ్చిన కొలతగా రాయడం మీద. చీకటి మనుషులు నిలబెట్టేది.

లా పాల్మా ఆకాశం నల్లగా ఉండడానికి 1988లో స్పెయిన్ చేసిన ఆకాశ రక్షణ చట్టం ఒక కారణం. అక్కడి ఊళ్లలో వీధిదీపాలు ఎలా ఉండాలో ఆ చట్టం నిర్ణయిస్తుంది. అంటే ఆ దీవి ప్రజలు రోజూ రాత్రి తమ వెలుగును కొంత తగ్గించుకుని చీకటిని వేధశాలకు ఇస్తున్నారు. పత్రాల్లో చీకటి ఉంది, ఆ ఇవ్వడం లేదు. అదే దీవి 2021 సెప్టెంబరులో నిప్పులు కక్కింది. కుంబ్రె వియేహా అగ్నిపర్వతం సుమారు మూడు నెలల పాటు రగిలి ఊళ్లను పూడ్చింది, బూడిద పడి టెలిస్కోపులు పని ఆపుకోవలసి వచ్చింది. వేధశాల, గ్రామం ఒకే నేల మీద ఉన్నాయని చెప్పడానికి అంతకన్న వేరే పాఠం అక్కర్లేదు.

ఈ మౌనానికి మూల్యం చెల్లించిన ఉదంతం ఈ శాస్త్రంలోనే ఉంది. వెరిటాస్ టెలిస్కోపులను మొదట అరిజోనాలోని కిట్ పీక్ మీద కట్టాలనుకున్నారు. ఆ కొండ తొహొనో ఓఒదామ్ జాతికి పవిత్రమైనది. 1958లో వారు దాన్ని ఖగోళ పరిశోధనకు లీజుకిచ్చారు. శాస్త్రజ్ఞులకు పొడుగు కళ్ల మనుషులని పేరు పెట్టింది కూడా వారే. కొత్త నిర్మాణం విషయంలో తమను సంప్రదించలేదని ఆ జాతి 2005లో న్యాయస్థానానికి వెళ్లింది. పని ఆగింది. చివరికి వెరిటాస్ మరో కొండ పాదంలో ఉన్న విపుల్ వేధశాల ఆవరణలో నిలిచి, 2007 నుంచి పనిచేస్తోంది. పత్రంలో చోటు దక్కని మనుషులు న్యాయస్థానంలో కనిపించారు.

చిలీ ఎడారిలో జరిగినది మరో రకం. అక్కడ ఒక ప్రణాళికకు మరో ప్రణాళిక ఎదురైంది. 2024 డిసెంబరులో పరానల్ సమీపంలో ఒక విద్యుత్ సంస్థ హరిత హైడ్రోజన్ ఉత్పత్తికి భారీ పారిశ్రామిక సముదాయాన్ని ప్రతిపాదించింది. ఐరోపా దక్షిణ వేధశాల సంస్థ 2025 మార్చిలో తన విశ్లేషణను ప్రకటించింది. ఆ సముదాయం వస్తే అక్కడి అతిపెద్ద టెలిస్కోపు మీద ఆకాశంలో కాంతి కాలుష్యం కనీసం 35 శాతం, చెరెంకోవ్ శ్రేణి దక్షిణ స్థలం మీద 50 శాతానికి పైగా పెరుగుతుందని అందులోని లెక్క. గమనించదగ్గ సంగతి, ఈ వివాదంలో రెండు పక్షాలూ భావికంలోనే మాట్లాడాయి. ఒకరు ఇంకా లేని స్వచ్ఛ ఇంధనాన్ని చూపారు, మరొకరు ఇంకా కట్టని టెలిస్కోపుల మీద ఇంకా పడని వెలుగును చూపారు. నా సానుభూతి వేధశాల వైపే. కానీ చీకటిని పట్టికలో ఒక అంకెగా రాసి ఊరుకున్నవారికి దాన్ని కాపాడమని లోకాన్ని అడిగే భాష అప్పటికప్పుడు సమకూరదు.

మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లే కొంత భిన్నమైన దారి చూపింది. భాభా అణు పరిశోధన కేంద్రం హైదరాబాదులోని ఈసీఐఎల్ తోడ్పాటుతో నిర్మించిన 21 మీటర్ల మేస్ టెలిస్కోపు అక్కడ సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. 2024 అక్టోబరులో దాన్ని ప్రారంభించారు. అంతకు ముందే, 2022లో, ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశ అభయప్రాంతంగా ప్రకటించి, స్థానిక గ్రామస్థులకు టెలిస్కోపులిచ్చి, సందర్శకులకు ఆకాశం చూపించే పనిలో శిక్షణ ఇచ్చారు. దీన్ని ఆదర్శంగా చిత్రించనక్కరలేదు. అయితే అక్కడి చీకటికి కాపలా ఎవరో చెప్పడానికి కొందరు మనుషులున్నారు.

7. ప్రయోగం, వేధశాల

మేస్ పేరులోని చివరి పదం ప్రయోగం. హెస్, మ్యాజిక్, వెరిటాస్ నడిచిన తీరు కూడా అదే. కట్టినవారే చూస్తారు, చూసినవారే విశ్లేషిస్తారు. చెరెంకోవ్ శ్రేణి తనను వేధశాల అని పిలుచుకుంటుంది. సభ్య దేశాల శాస్త్రజ్ఞులెవరైనా పరిశీలనా ప్రతిపాదన పంపవచ్చు, నిర్ణీత కాలం తరువాత సమాచారం అందరికీ తెరిచి ఉంటుంది. ఈ రంగానికి ఇది కొత్త. అన్ని పత్రాల్లోనూ తగ్గకుండా, సన్నగిల్లకుండా నిలిచిన వాగ్దానం ఇదొక్కటే. టెలిస్కోపుల సంఖ్య సగానికి దగ్గరగా పడిపోయినా ఈ మాట మారలేదు. వర్ణనల అందం కన్న నాకు ఈ స్థిరత్వమే ఎక్కువ నచ్చింది. విశ్లేషణకు వాడే గామాపై సాఫ్ట్‌వేరు ఇప్పటికే ఉచితం, హెస్ 2018లో కొంత సమాచారాన్ని బహిరంగం చేసింది. నా తరగతి అనువాదం చదివి ఫలితాలు ఎక్కడ దొరుకుతాయని అడిగిన విద్యార్థికి ఈ రెండూ చూపించగలిగాను.

అంతర్జాతీయ ఆకాశ ప్రణాళికతో తెలుగు నేలకు ఇది తొలి పరిచయం కాదు. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశం మొత్తాన్ని ఛాయాచిత్రాలుగా తీసి, నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టిక వేయాలని తీర్మానించి, ఆకాశాన్ని మండలాలుగా ప్రపంచ వేధశాలలకు పంచారు. కొన్ని వేధశాలలు తమ వంతును చేయలేకపోయాయి. అలా వదిలివేసిన వాటిలో 17 నుంచి 23 దక్షిణ డిగ్రీల మండలం ఒకటి. అది చిలీ రాజధాని శాంటియాగోకు కేటాయించినది. దాన్ని హైదరాబాదులో బేగంపేటలోని నిజామియా వేధశాల తీసుకుంది. పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో ఫలకాలు తీసి, కొలిచి, సంపుటాలు వెలువరించింది. పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తర మండలంలోనూ కొంత భాగం చేసింది.

1887 నాటి తీర్మానంలో అనుకున్న సంపూర్ణ ఆకాశపటం ఎన్నడూ పూర్తి కాలేదు. నక్షత్ర పట్టిక మాత్రం దశాబ్దాల ఆలస్యంతో పూర్తయింది. 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికకు సుమారు ఇరవై ఐదు లక్షల నక్షత్రాల కదలికలు కావలసి వచ్చాయి. ఉపగ్రహం కొలిచిన కొత్త స్థానాలతో పోల్చడానికి అంత పాత స్థానాలు మరెక్కడా లేవు. అప్పుడు ఆ సంపుటాలను బయటికి తీశారు. హైదరాబాదు కొలతలూ వాటిలో ఉన్నాయి.